ట్రెవర్ నుంచి ఒక్కరోజు నారోబోట్: చర్క్ వైపా, లాంగోలెన్ వైపా?

వేల్స్‌లోని లాంగోలెన్ కాలువ మీద నారోబోట్, అంటే ఇరుకైన పొడవాటి కాలువ పడవ, అద్దెకు తీసుకుంటే ట్రెవర్ బేసిన్‌లోనే దారి తేల్చుకోవాలి. చర్క్ అయినా, లాంగోలెన్ ఊరయినా వెళ్లడానికి సుమారు రెండు గంటలు, ఎటూ లాకులు లేవు. కానీ లాంగోలెన్ వైపు తిరిగితే, కాలువను నది మీదుగా దాటించే పాంట్‌కసల్తే అక్విడక్టు దాటరు. ఈ సంగతి కొందరికి పడవ ఎక్కాకే తెలుస్తుంది. ఒక్కరోజే చేతిలో ఉంటే చర్క్ మేలు. లాంగోలెన్‌లో బస, భోజనం బాగుంటాయి, సాయంత్రం రోడ్డు మీద వెళ్లొచ్చు.

1805లో పూర్తయిన ఈ అక్విడక్టు డీ నదికి 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున సాగే పోత ఇనుప తొట్టి. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవాళ్లకు నది మీదుగా కాలువ పోవడం కొత్త కాదు, ఈ ఎత్తే కొత్త. ఒక పక్క నడకదారికి కమ్మీలున్నాయి, రెండో పక్క తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. పిల్లలు పడవ లోపలే ఉండాలి. ఒక్క పడవే పడుతుంది కాబట్టి ఎదురుగా వచ్చేది దాటేదాకా ఆగాలి. థ్రాటిల్ పెంచి లాభం లేదు. ముందున్న నీళ్లు పడవ పక్కల నుంచి వెనక్కి జారాలి, అక్కడ సందు తక్కువ. నీళ్లకు ఆ చోటు మిగలాలనే నడకదారిని తొట్టి లోపల నీటి పైనే కట్టారు.

లాంగోలెన్ అవతల హార్స్‌షూ ఫాల్స్ అనే ఆనకట్ట దగ్గర డీ నీళ్లు మళ్లించడం వల్ల ఈ కాలువకు పారుదల ఉంది, అదీ చర్క్ వైపు. వెళ్లేటప్పుడు వాలు, వచ్చేటప్పుడు ఎదురు. 421 మీటర్ల చర్క్ సొరంగంలో ఆ తేడా బాగా తెలుస్తుంది. వచ్చినంత సమయంలోనే తిరిగి చేరతామనుకోకండి, అరగంట ముందే పడవ తిప్పండి. సొరంగంలో దూరే ముందు అవతల హెడ్‌లైటు కనబడుతుందేమో చూడాలి.

చుక్కాని కర్రను ఎడమకు తోస్తే ముక్కు కుడికి తిరుగుతుంది. ప్రొపెల్లర్ నెట్టినంతసేపే చుక్కాని మాట వింటుంది, కంగారుపడి గేరు తీసేస్తే అదుపు పోతుంది. బ్రేకులుండవు, రివర్సే ఆధారం. ఎదురు పడవకు కుడివైపుకి తప్పుకోవాలి, మన రోడ్డు అలవాటు ఇక్కడ పనికిరాదు. గట్టుకు తగులుతుంటే కాలు అడ్డం పెట్టొద్దు, టన్నుల బరువది. ఒరుసుకుని ఆగితే ముందుకు నెట్టక, మనుషుల్ని లోతు వైపుకి జరిపి మెల్లగా రివర్స్ చేయండి. పడవ వణుకుతూ, తోపు తగ్గి, పొగ నల్లబడితే ప్రొపెల్లర్‌కి ప్లాస్టిక్ సంచో తాడో చుట్టుకుందన్నమాట. ఇంజిన్ ఆపి, తాళం తీసి, అద్దెకిచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. ప్రొపెల్లర్‌ని శుభ్రం చేయడానికి దాని పైన ఉండే వీడ్ హ్యాచ్ మూత సరిగా బిగించకపోతే పడవలోకి నీళ్లొస్తాయి.

పరిమితి గంటకు 4 మైళ్లు. వెనకాల అల గట్టుకు కొడుతుంటే అదీ ఎక్కువే, ఒడ్డున జమ్ముకోళ్ల గూళ్లు మునుగుతాయి. మనుషులూ కుక్కలూ నడవని అవతలి గట్టు మీద కన్నేయండి. ఇంజిన్ వెనక ఉంటుంది కాబట్టి చూడ్డానికి ముందు డెక్కే నయం. నారాయణ పక్షి పడవ ముక్కు దగ్గరికొచ్చేదాకా కదలదు, లేచి కొంత దూరం వెళ్లి మళ్లీ గట్టు మీదే వాలుతుంది. నాలుగైదు సార్లు అలా తరిమించుకుని చివరికి చుట్టు తిరిగి వెనక్కి పోతుంది. లకుముకి పిట్ట కనబడే ముందు సన్నని ఈల వినబడుతుంది, ఇంజిన్ మోతలో అది వినడం కష్టం. చర్క్ దగ్గర పడవ కట్టి, ఇంజిన్ ఆపి టీ తాగండి, నీటి మీద తక్కువ ఎత్తులో నీలం గీత దూసుకుపోవచ్చు.