వ్యాపారానికి అంబ్రెల్లా పాలసీ: బలమంతా అతుకుల్లోనే ఉంది

సభలకు, పెళ్లిళ్లకు, ప్రదర్శనలకు టెంట్లు, వేదికలు, లైట్లు అద్దెకిచ్చి, బిగించి, పని అయ్యాక విప్పి తీసుకువెళ్లే వ్యాపారం మాది. అమెరికాలో ఈ పని చేసేవారిని బీమా కాగితాలు చూపించనిదే చాలా హాళ్లు లోపలికి రానివ్వవు. మా పని వల్ల ఇతరులకు గాయమో నష్టమో జరిగితే చెల్లించే జనరల్ లయబిలిటీ పాలసీతో పాటు, దాని పరిమితి దాటిన మొత్తాన్ని భరించే అంబ్రెల్లా పాలసీ కూడా దాని పైన ఫలానా మొత్తానికి ఉండాలని ఒప్పందంలోనే రాస్తాయి. అలా తీసుకున్న అంబ్రెల్లా పాలసీని ఏళ్లుగా పునరుద్ధరిస్తూ వస్తున్నాం. దాని దాకా వెళ్లిన పెద్ద క్లెయిములు రెండు. ఒకటి సాఫీగా ముగిసింది, రెండోది మా నిద్ర చెడగొట్టింది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది మంచి పాలసీ, మా వ్యాపారాన్ని నిలబెట్టిన పాలసీ. అయితే దాని బలం పరిమితిగా రాసిన పెద్ద అంకెలో కన్నా, కింది పాలసీలతో అది కలిసే అతుకుల్లో ఎక్కువగా ఉంటుంది. కొనేటప్పుడు ఏజెంటు అంకె గురించే మాట్లాడతాడు. క్లెయిము వచ్చినప్పుడు మాట్లాడేది ఆ అతుకులే.

పని చేసే తీరు చెప్పడానికి తేలికే. మా జనరల్ లయబిలిటీ పాలసీ ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి 20 లక్షల డాలర్ల వరకు చెల్లిస్తుంది. ఇవి అక్కడ చాలా సాధారణమైన పరిమితులు. వాహనాలకు వేరే పాలసీ, దాని పరిమితి ప్రమాదానికి 10 లక్షలు. పనివారు గాయపడి యజమాని మీద దావా వేస్తే ఆదుకునే యజమాని బాధ్యత భాగం, పనిలో గాయపడిన ఉద్యోగులకు చట్టప్రకారం చెల్లించే వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీలో ఉంటుంది. ఈ మూడింటి పైన అంబ్రెల్లా కూర్చుంటుంది. ఒక ప్రమాదంలో మేము 32 లక్షలు చెల్లించాలని తేలితే మొదటి 10 లక్షలు కింది పాలసీ ఇస్తుంది, మిగిలిన 22 లక్షలు అంబ్రెల్లా ఇస్తుంది. వీటి పేర్లు, కంపెనీలు, నంబర్లు, పరిమితులు, తేదీలు అంబ్రెల్లా పాలసీలోని షెడ్యూలులో ఉంటాయి. ఆ ఒక్క పేజీ మీద పెట్టే సమయం మిగిలిన పాలసీ అంతటి మీద పెట్టే సమయంతో సమానమని నేను నమ్ముతాను.

మొదటి క్లెయిము మా ట్రక్కుది. రహదారి మీద లేన్ మారుతున్నప్పుడు ఢీకొని ఇద్దరికి తీవ్రంగా గాయాలయ్యాయి. ఆసుపత్రి ఖర్చులు, పోయిన సంపాదన, బాధకు పరిహారం కలిపి వారి న్యాయవాదులు అడిగినది వాహన పాలసీ పరిమితిని ఎప్పుడో దాటిపోయింది. వాహన బీమా కంపెనీ తన 10 లక్షలూ ఇవ్వడానికి ఒప్పుకున్న రోజు నుంచి అంబ్రెల్లా కంపెనీ బాధ్యత తీసుకుంది. అప్పటి వరకు జరిగిన కాగితాలన్నీ అడిగింది, సొంత న్యాయవాదిని పెట్టింది, రాజీ మాట్లాడింది, తన వాటా చెల్లించింది. మా జేబులోంచి పరిహారంగా ఒక్క డాలరు కూడా పోలేదు. గాయపడినవారికి కోర్టు తీర్పు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడకుండా డబ్బు అందడం నాకు అంతే ముఖ్యం. ఈ బీమా యజమానిని మాత్రమే కాపాడుతుందని అనుకునేవారు ఈ వైపు కూడా చూడాలి.

ఆ క్లెయిములో మాకు కలిసివచ్చినది ఒక చిన్న విషయం. మా పాలసీలో రక్షణ ఖర్చు, అంటే న్యాయవాదుల ఫీజులు, కోర్టు ఖర్చులు, పరిమితికి బయట ఉన్నాయి. ఎంత ఖర్చయినా పరిహారానికి ఉన్న మొత్తం తరగదు. కొన్ని అదనపు బాధ్యత పాలసీలు ఈ ఖర్చును పరిమితిలోంచే తీసుకుంటాయి. దావా పొడవైతే, అక్కడ 50 లక్షలుగా కనిపించేది చివరికి చాలా తక్కువై ఉంటుంది. రెండు కొటేషన్ల మధ్య ప్రీమియం తేడా కనిపించినప్పుడు నేను మొదట వెతికేది ఈ వాక్యాన్నే.

అంబ్రెల్లా అని అమ్మే ప్రతి పాలసీ ఒకే రకంగా ఉండదు. కొన్ని కింది పాలసీ షరతులను యథాతథంగా అనుసరిస్తాయి. కింద లేనిది పైన కూడా ఉండదు. మరికొన్నిటికి సొంత షరతులు ఉంటాయి, అవి కింది పాలసీ చెల్లించని కొన్ని నష్టాలకు కూడా చెల్లిస్తాయి. అప్పుడు మొదట కొంత మొత్తాన్ని మనమే భరించాలి. దాన్ని రిటెన్షన్ అంటారు, 10,000 డాలర్లుగా ఉండడం తరచుగా కనిపిస్తుంది. మాది రెండో రకం. అయితే సొంత షరతులు ఉన్నాయంటే సొంత మినహాయింపులు కూడా ఉంటాయి. కింది పాలసీ చెల్లించే నష్టాన్ని పై పాలసీ కాదనడం కూడా జరగవచ్చు. అందుకే రెండు పాలసీల మినహాయింపులను పక్కపక్కన పెట్టుకుని చదవడం తప్ప దగ్గరి దారి లేదు.

ఇప్పుడు అతుకుల సంగతి. షెడ్యూలులో రాసిన కింది పాలసీలు అవే పరిమితులతో ఏడాదంతా అమలులో ఉండాలని అంబ్రెల్లా షరతు పెడుతుంది. ఒకటి రద్దయినా, తగ్గినా అంబ్రెల్లా మొత్తంగా చెల్లకుండా పోదు. కింది పాలసీ ఉన్నట్టే లెక్కవేసి, తన భాగం మాత్రమే చెల్లిస్తుంది. మధ్యలో ఏర్పడిన ఖాళీని మనమే పూడ్చాలి. యజమాని బాధ్యత భాగంలో ఈ ఖాళీ చాలామందికి తెలియకుండానే ఉంటుంది. దాని ప్రామాణిక పరిమితులు ప్రమాదానికి 1,00,000 డాలర్లు, వృత్తి వ్యాధికి ఒక్కో ఉద్యోగికి 1,00,000, వ్యాధులన్నిటికీ కలిపి 5,00,000. అంబ్రెల్లా షెడ్యూలు మాత్రం ప్రమాదానికి 5,00,000 అడిగిందనుకోండి. ఒక ఉద్యోగి దావాలో మొదటి లక్ష కింది పాలసీ ఇస్తుంది, 5 లక్షల పైన అంబ్రెల్లా ఇస్తుంది, మధ్యలోని 4 లక్షలు యజమానివి. కింది పరిమితిని పెంచడానికి అయ్యే అదనపు ప్రీమియం ఆ ఖాళీ ముందు చాలా చిన్నది. మా బ్రోకర్‌తో మొదటి ఏడాదే ఈ రెండు అంకెలను ఒకటి చేయించాను, ప్రతి పునరుద్ధరణకూ మళ్లీ సరిచూస్తాను.

తేదీలు కూడా అంతే. జనరల్ లయబిలిటీ జనవరి నుంచి జనవరికి, అంబ్రెల్లా జూలై నుంచి జూలైకి ఉంటే చూడడానికి రెండూ అమలులోనే ఉంటాయి. కానీ కింది పాలసీ ఏడాది మొత్తం పరిమితి చిన్న క్లెయిములతో కరిగిపోతున్నప్పుడు, అంబ్రెల్లా కాలంలో జరిగిన ఘటనలకు చెల్లించిన మొత్తం మేరకే కింది పరిమితి తరిగినట్టు చాలా అంబ్రెల్లా పాలసీలు ఒప్పుకుంటాయి. మార్చిలో జరిగిన ప్రమాదానికి పోయిన డబ్బు, జూలైలో మొదలైన అంబ్రెల్లా లెక్కలోకి రాదు. అన్ని పాలసీలూ ఒకే రోజు మొదలై ఒకే రోజు ముగియాలి. దీనికి పెద్దగా ఖర్చు ఉండదు, ఒక పాలసీని కొన్ని నెలలకు తీసుకుని తేదీలు కలిపితే చాలు.

ఇక రెండో క్లెయిము. ఒక ప్రదర్శనలో మా లైట్ల చట్రం కూలి ఒకరికి వెన్నుకు గాయమైంది. జనరల్ లయబిలిటీ కంపెనీ మొదట కోర్టులో మా రక్షణ చేపట్టింది, తర్వాత బిగింపు పనికి సంబంధించిన ఒక మినహాయింపు వర్తించవచ్చని లేఖ రాసింది. కొన్ని నెలల వాదన తర్వాత ఒక ప్రతిపాదన పెట్టింది: 10 లక్షల్లో ఒక భాగం ఇస్తాం, మీరు మా మీద హక్కులన్నీ వదులుకోండి. డబ్బు వెంటనే వస్తుంది, పేచీ తీరుతుంది, మిగిలినది అంబ్రెల్లా చూసుకుంటుంది. వినడానికి బాగుంది. మా న్యాయవాది మాత్రం సంతకం పెట్టనివ్వలేదు, అంబ్రెల్లాలోని ఒక వాక్యాన్ని ముందు పెట్టారు. కింది పరిమితి ‘చెల్లింపు ద్వారా’ పూర్తిగా ఖర్చయినప్పుడే పై పాలసీ బాధ్యత మొదలవుతుందని అందులో ఉంది.

ఈ వాక్యం చుట్టూ అమెరికాలో దాదాపు శతాబ్దపు వాదం ఉంది. 1928లో జైగ్ కేసులో, దొంగతనం బీమా చేయించుకున్న ఒక వ్యక్తి మొత్తం 15,000 డాలర్ల ప్రాథమిక, అంటే కింది, పాలసీల మీద 6,000 డాలర్లకు రాజీపడ్డాడు. వాటి పైన ఉన్న అదనపు పాలసీ కంపెనీ చెల్లించనన్నది. నష్టం 15,000 దాటిన మేరకు ఆ కంపెనీ ఇవ్వాల్సిందేనని, కింది కంపెనీ నుంచి అతడు ఎంత వసూలు చేసుకున్నాడన్నది దానికి అనవసరమని ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. పాలసీదారుకు ఎంతో న్యాయమైన తీర్పు అది. కానీ 2008లో క్వాల్‌కామ్ కేసులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు పాలసీ మాటలను పట్టుకుని వేరే దారిలో వెళ్లింది. కింది కంపెనీ పూర్తి పరిమితిని చెల్లించాలని, లేదా చెల్లించే బాధ్యత దానిదని తేలాలని పాలసీలో ఉన్నప్పుడు, తక్కువకు రాజీపడితే పై పాలసీ మేలుకోదన్నది. అంటే ఒకే పనికి రెండు ఫలితాలు, తేడా అంతా రాసిన మాటల్లో. మా పాలసీ మాటలు రెండో కేసుకే దగ్గరగా ఉన్నాయి. రాజీ పత్రం మీద సంతకం పెట్టి ఉంటే తగ్గిన మొత్తాన్ని మేమే భరించడమే కాదు, పైన ఉన్న లక్షలన్నీ చేజారే ప్రమాదం ఉండేది. మేం కదలలేదు. చివరికి ప్రాథమిక కంపెనీ పూర్తి పరిమితిని చెల్లించింది, ఆ తర్వాత అంబ్రెల్లా తన పని చేసింది.

ఆ క్లెయిము ముగిశాక పునరుద్ధరణ సమయంలో ఆ వాక్యాన్నే మార్చమని అడిగాను. పరిమితిని కింది కంపెనీ చెల్లించినా, మేము చెల్లించినా, మా తరఫున ఇంకెవరు చెల్లించినా ఖర్చయినట్టే పరిగణించాలని ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జోడించే సవరణ పత్రం, కావాలన్నాను. ఇలా రాసే కంపెనీలు ఉన్నాయి. అప్పటి కంపెనీ ఒప్పుకోలేదు, కంపెనీని మార్చాను. ప్రీమియం కొంచెం పెరిగింది. ఈ పాలసీ మీద నేను పెట్టిన ఖర్చులన్నిటిలో అంత సంతోషంగా పెట్టినది మరొకటి లేదు.

హాళ్ల ఒప్పందాల గురించి ఒక మాట. మా పాలసీ రక్షణ తమకూ వర్తించేలా తమను కూడా అదనపు బీమాదారుగా చేర్చమంటారు, బీమా ఉందని చూపే సర్టిఫికెట్ అడుగుతారు. సర్టిఫికెట్ వల్ల ఎవరికీ ఏ హక్కూ రాదు, హక్కు పాలసీలో ఉండాలి. కింది పాలసీలో అదనపు బీమాదారు అయినవారిని ఎక్కువ అంబ్రెల్లాలు కూడా ఒప్పుకుంటాయి. కానీ ఒప్పందం కోరినంత మొత్తానికో, ఉన్న పరిమితికో, రెండింటిలో ఏది తక్కువైతే అంత వరకే చెల్లించే షరతు ఇప్పుడు ప్రామాణిక పత్రాల్లో ఉంది. ఇది నాకు నచ్చుతుంది. ఒప్పందంలో 20 లక్షలు రాసి ఉంటే, మా 50 లక్షలనూ హాలు యజమాని వాడేసుకోలేడు. అందుకే ఒప్పందంలో ‘మీకున్న బీమా అంతా’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయించి అంకె రాయిస్తాను.

మినహాయింపుల్లో ఆశ్చర్యం ఏమీ లేదు. వర్కర్స్ కాంపెన్సేషన్ కింద ఉద్యోగికి చట్టప్రకారం రావలసినవి, ఉద్యోగ వివక్ష దావాలు, కాలుష్యం, వృత్తిపరమైన సలహా తప్పులు, మన సొంత ఆస్తికి నష్టం సాధారణంగా ఇందులో ఉండవు. మాలాంటి వారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఉద్యోగులు సొంత కార్లలో మన పని మీద తిరిగితే, అద్దె, ఇతరుల వాహనాల బాధ్యత కింది వాహన పాలసీలో ఉందో లేదో చూడాలి. కింద లేకపోతే పైన కూడా దొరకకపోవచ్చు.

మరో విషయం, కింది బీమా కంపెనీయే దివాలా తీస్తే? అంబ్రెల్లా కిందికి దిగి ఆ స్థానాన్ని తీసుకోదని చాలా పాలసీలు స్పష్టంగా రాస్తాయి. కాబట్టి చౌకగా వస్తుందని బలహీనమైన ప్రాథమిక కంపెనీని ఎంచుకోవడం, పైన ఎంత పెద్ద పాలసీ ఉన్నా, తెలివైన పని కాదు.

ప్రమాదం జరిగిన రోజే రెండు కంపెనీలకూ తెలియజేయాలి. ఇది చిన్నదే, పది లక్షలు దాటదులే అని ఎవరైనా చెబితే వినవద్దు. ట్రక్కు ప్రమాదం మొదటి వారంలో పెద్దదిగా కనిపించలేదు. గాయపడినవారిలో ఒకరికి శస్త్రచికిత్స అవసరమని తేలాకే లెక్క మారింది. అప్పటికే మా నోటీసు అంబ్రెల్లా కంపెనీ దగ్గర ఉంది కాబట్టి ఆలస్యం అనే వాదనకు చోటే లేకపోయింది. మా బ్రోకర్‌కు పంపే ప్రతి ప్రమాద నివేదికలో ఇప్పటికీ మొదటి వాక్యం ఒక్కటే: అన్ని పాలసీల కింద నోటీసుగా దీన్ని పంపండి, పంపినట్టు రుజువు నాకు ఇవ్వండి.

ప్రీమియం ఇటీవలి ఏళ్లలో బాగా పెరిగింది, ముఖ్యంగా ట్రక్కులు ఉన్నవారికి. ఒకే కంపెనీ ఇచ్చే పరిమితి తగ్గి, కావలసిన మొత్తాన్ని రెండు పొరలుగా కొనవలసి వచ్చింది. అంటే ఇంకో అతుకు వచ్చి చేరింది. పై పొర కింది పొర షరతులనే అనుసరిస్తుందని రాతలో తీసుకున్నాకే సంతకం పెట్టాను. ధర పెరిగినా పరిమితి తగ్గించుకునే ఆలోచన మాకు లేదు. జనం గుమిగూడే చోట బరువైన వస్తువులను తలల మీద వేలాడదీసే పని చేస్తూ, ఎవరైనా గాయపడితే పూర్తిగా చెల్లించగలిగే స్థితిలో లేకపోవడం నాకు ఒప్పుకోలేని విషయం. వచ్చే పునరుద్ధరణకు ఒక్కటే అడగాలనుకుంటున్నాను. కింది పాలసీలో ఒక్కో పని స్థలానికి విడివిడిగా ఉన్న ఏడాది పరిమితిని అంబ్రెల్లా కూడా అలాగే విడివిడిగా గుర్తించాలి. ప్రస్తుత పత్రంలో ఆ విషయం స్పష్టంగా లేదు, బ్రోకర్‌ను రాతపూర్వకంగా అడిగాను.