గడియారం జరపడం ఆపాలి సరే, ఏ గంట దగ్గర ఆపాలి?

అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపే మార్చి రెండో ఆదివారం వెళ్లి సోమవారం వచ్చింది. ఉదయం 7:10కి మా ఆరేళ్ల అమ్మాయిని బడి బస్సు ఎక్కించడానికి వీధి మలుపులో నిలబడ్డాం. అంతకు మూడు రోజుల ముందు, శుక్రవారం, ఇదే గంటకు ఎదురింటి పైకప్పు మీద ఎండ పడింది. ఇప్పుడు బస్సు ఎర్ర దీపాలు తప్ప సరిగా ఏమీ కనిపించడం లేదు. "నాన్నా, ఇంకా రాత్రే కదా, బడి ఎందుకు?" అని అడిగింది. ఆ రోజు మా డాలస్‌లో పొద్దు పొడిచింది దాదాపు 7:40కి.

అమెరికాలో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట ఈ మాట వస్తే, ఏటా రెండుసార్లు గంట మార్చే పని ఆపేయాలని అందరూ ఒప్పుకుంటారు. ఏ గంట దగ్గర ఆపాలి అన్నప్పుడే మాట రెండుగా చీలుతుంది. ముందుకు జరిపిన గంటను, అంటే సాయంత్రం వెలుతురు ఎక్కువగా ఉండే వేసవి గంటనే ఏడాదంతా ఉంచాలని చాలామంది కోరిక. జరపని అసలు గంట, అంటే ప్రామాణిక సమయం దగ్గరే ఆగిపోవాలని నా కోరిక.

ముందు, ఇప్పుడున్న పద్ధతి సంగతి. దీన్ని రైతుల కోసం పెట్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి అమెరికా రైతులు దీన్ని మొదటి నుంచీ వ్యతిరేకించారు. ఆవుకు గడియారంతో పని లేదు, మంచు ఆరేది ఎండకే గాని గంటకు కాదు. ఇది యుద్ధంలో పుట్టింది. బొగ్గు ఆదా చేయడానికి 1916 ఏప్రిల్ 30న జర్మనీ గడియారాలు ముందుకు జరిపింది, మూడు వారాలకు బ్రిటన్, 1918లో అమెరికా అదే బాట పట్టాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో కూడా కొన్నేళ్లు గంట ముందుకు జరిపారు. యుద్ధం అయ్యాక మనం మానుకున్నాం, అమెరికాలో చాలాచోట్ల మానుకోలేదు. వేసవి గంట రోజులు పొడిగించి, 2007 నుంచి మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతున్నారు.

ఆదా మాటకు వస్తే, అలా పొడిగించిన రోజుల్లో విద్యుత్తు రోజుకు సుమారు 0.5 శాతం మిగిలిందని అమెరికా ఇంధన శాఖ 2008లో తేల్చింది. ఏడాది మొత్తం వాడకంలో అది 0.03 శాతం. ఇండియానా రాష్ట్రం అంతటా 2006లో గంట మార్చడం మొదలుపెట్టాక పరిశోధకులు ఇళ్ల కరెంటు బిల్లులు పరిశీలిస్తే, వాడకం దాదాపు 1 శాతం పెరిగినట్టు తేలింది. దీపాల ఖర్చు తగ్గినా, పొడుగైన సాయంత్రపు వేడికి ఏసీల ఖర్చు పెరిగింది. బొగ్గు దీపాల నాటి లెక్క ఏసీల కాలానికి చెల్లదు. మరోపక్క, మార్చిలో గంట మారిన వారంలో ప్రాణాలు పోయే రోడ్డు ప్రమాదాలు 6 శాతం దాకా పెరుగుతున్నాయని 2020లో ఒక అధ్యయనం చూపింది. ఒక గంట నిద్ర తగ్గడం చిన్న విషయం కాదు.

అయినా ఈ పద్ధతికి ఒక న్యాయం ఉంది, అది ఒప్పుకోవాలి. చలికాలంలో పిల్లలకు ఉదయపు వెలుతురు, వేసవిలో పెద్దలకు సాయంత్రపు వెలుతురు, రెండూ ఇస్తుంది. రెండోసారి, అంటే నవంబరులో, ఒక గంట నిద్ర తిరిగి వస్తుంది కాబట్టి కష్టం తక్కువ. ఎక్కువ కష్టం మార్చిదే.

ఇక ఏడాదంతా వేసవి గంట. దీని ఆకర్షణ నాకు తెలియనిది కాదు. జూన్‌లో ఎనిమిదిన్నర దాటే దాకా వెలుగు ఉంటుంది. ఆఫీసు అయ్యాక కూడా ఒక క్రికెట్ ఆట ఆడుకోవచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు భోజనం చేసి తీరిగ్గా పార్కు చుట్టూ నడిచి వస్తారు. అందుకే 2022 మార్చిలో అమెరికా సెనేట్ దీన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది, దిగువ సభ మాత్రం చేపట్టలేదు. మా టెక్సాస్ చట్టసభ కూడా 2025లో, కేంద్ర చట్టం వీలిస్తే ఇదే అమలు చేయాలని నిర్ణయించింది.

కానీ ఇది కొత్త ఆలోచన కాదు, చేసి చూసి వదిలేసినదే. చమురు కొరత వచ్చినప్పుడు 1974 జనవరి 6న అమెరికాలో దాదాపు అంతటా ఏడాది పొడవునా వేసవి గంట మొదలుపెట్టారు. మొదట్లో జనం సంతోషించారు. నెల తిరక్కుండానే పిల్లలు చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని బడికి వెళ్లాల్సి వచ్చింది. తల్లిదండ్రుల కోపం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దాకా వెళ్లి, ఆ అక్టోబరులోనే ప్రామాణిక సమయం తిరిగి వచ్చింది. రష్యా కూడా 2011లో వేసవి గంటను శాశ్వతం చేసి, చీకటి ఉదయాలు భరించలేక 2014లో ప్రామాణిక గంటకు వచ్చేసింది. ఇప్పుడు మళ్లీ అదే చేస్తే జనవరిలో డాలస్‌లో సూర్యోదయం 8:30కి, ఇండియానాపోలిస్‌లో 9 దాటాక. మార్చిలో రెండు మూడు వారాలు మా అమ్మాయి పడే కష్టం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది. పిల్లల బడి వేళలు ఆలస్యం చేస్తే సరిపోతుందని కొందరు అంటారు. బడి ఆలస్యంగా మొదలుపెట్టేటట్లయితే గడియారాన్ని ముందుకు జరపడం ఎందుకు?

మూడోది ఏడాదంతా ప్రామాణిక సమయం. అరిజోనాలో ఎక్కువ భాగం 1968 నుంచి ఇదే పాటిస్తోంది, హవాయి కూడా అంతే. అరిజోనా కారణం మన ఊళ్ల వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎడారి ఎండలో పొద్దు తొందరగా గూకితేనే ప్రాణానికి హాయి. జులైలో డాలస్‌లో సాయంత్రం ఏడింటికి మైదానంలో నిలబడిన వాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. అమెరికా నిద్ర వైద్యుల సంఘం కూడా 2020లో ఈ పద్ధతినే సమర్థించింది. నిద్ర లేపేది ఉదయపు వెలుతురు, నిద్రను దూరం చేసేది రాత్రి దాకా సాగే వెలుతురు అన్నది వారి వాదన.

నష్టం లేదని చెప్పను. ఈ పద్ధతిలో జూన్‌లో న్యూయార్క్‌లో 4:24కే తెల్లవారుతుంది, డాలస్‌లో 5:18కి. అంత వెలుతురు నిద్రలోనే పోతుందని వేసవి గంటను కోరేవాళ్ల బాధ. ఈ వాదన విన్నప్పుడల్లా నాకు మా కాకినాడ గుర్తుకు వస్తుంది. మే నెలలో అక్కడ అయిదున్నర ప్రాంతానికే పొద్దు పొడుస్తుంది. అది వృథా అయిన వెలుతురు అని ఎవరూ అనుకోరు. అమ్మ వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లేదీ, నాన్న నడకకు వెళ్లి కూరగాయలు తెచ్చేదీ ఆ చల్లటి గంటలోనే. ఎండ ముదిరేసరికి బయటి పని అయిపోయేది.

భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే వెళ్తుంది. అందుకే అక్కడ గడియారం పన్నెండు కొట్టే వేళకు ఎండ ఇంచుమించు నడినెత్తిన ఉంటుంది. డాలస్‌లో వేసవి గంట నడిచే నెలల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు ఒంటిగంటన్నరకు. సోమవారం రాహుకాలం 7:30 నుంచి 9 అని చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన లెక్క, సూర్యోదయం ఆరింటికి అన్న లెక్క మీద నిలిచింది. ఇక్కడ మార్చిలో గంట మారిన మర్నాటి సోమవారం అది తొమ్మిది దాటితే గాని మొదలే కాదు. గుడిలో ఇచ్చే స్థానిక పంచాంగం చూడకుండా ఏ ముహూర్తమూ నమ్మలేం.

గంట మార్చని హైదరాబాదు కూడా ఈ మార్పు నుంచి తప్పించుకోలేదు. న్యూయార్క్ ఆఫీసులో ఉదయం తొమ్మిది గంటల మీటింగు వేసవిలో హైదరాబాదు జట్టుకు సాయంత్రం 6:30, నవంబరు నుంచి 7:30. బిడ్డను పడుకోబెట్టే వేళ, వంట వేళ, ఇంటికి వెళ్లే బస్సు, అన్నీ ఎక్కడో అమెరికా నిర్ణయించిన ఆదివారం నాడు జరిగిపోతాయి. గంట ఎక్కడో ఒకచోట ఆగిపోతే చాలు, వాళ్లకు ఏ గంట అయినా మేలే.

మా అమ్మాయికి మాత్రం ఏ గంట అన్నది ముఖ్యం. వేసవిలో ఒక గంట సాయంత్రం పోయినా సరే, చలికాలంలో వెలుతురులో బస్సు ఎక్కాలి. పొద్దుపోయాక ఆటకు దీపాలు పెట్టుకోవచ్చు, చీకట్లో బస్సు కోసం నిలబడిన పిల్లలున్న ప్రతి వీధి మలుపులో దీపం పెట్టలేం. ఈ మాటే మా ప్రాంతపు చట్టసభ సభ్యుడికి ఉత్తరంలో రాశాను. ఏడాదంతా వేసవి గంట కావాలంటే, అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చేదాకా టెక్సాస్ ఎదురుచూడాలి. ఏడాదంతా ప్రామాణిక గంట కావాలంటే ఇప్పటి చట్టమే వీలు కల్పిస్తోంది, అరిజోనా చేసినట్టు మా రాష్ట్రమే నిర్ణయం తీసుకోవచ్చు.