గంట నడిస్తే సిగరెట్టుకి చెల్లా? నడక, పొగ మానడం: ఏది మేలు?

మా బాబాయికి 62 ఏళ్లు. తెల్లారి ఐదున్నరకల్లా తెల్ల బూట్లు వేసుకుని పార్కుకి వెళ్తాడు. ఆరు రౌండ్లు కొట్టి, వాచీలో అడుగుల లెక్క చూసుకుని, గేటు బయట టీ బండి దగ్గర ఆగుతాడు. అక్కడ దారానికి ఓ లైటర్ వేలాడుతూ ఉంటుంది. దానితో సిగరెట్ వెలిగించి, "ఒరేయ్, ఎనిమిది వేల అడుగులు వేసొచ్చాను. చెల్లుకు చెల్లు" అంటాడు. సాయంత్రం ఇంకోటి. అంతే, రోజుకి రెండే.

పిన్ని మాట వేరు. "నడక ఎగ్గొట్టినా పర్లేదు, ముందు ఆ దిక్కుమాలినది మానండి."

ఇద్దరిలో ఎవరిది నిజం? ఈ తగువు తీర్చగలిగే మనిషి ఒకాయన ఉండేవాడు. అమెరికాలో ప్రజారోగ్య పరిశోధకుడు రాల్ఫ్ పాఫెన్‌బర్గర్. పోలియో మీద పనితో మొదలుపెట్టి, తర్వాత గుండెజబ్బుల వైపు వచ్చాడు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో సరుకు మోసే కార్మికులను 22 ఏళ్లు గమనించి 1975లో ఓ లెక్క వేశాడు. బరువు పని చేసేవాళ్లలో గుండెజబ్బు చావులు, తేలిక పని చేసేవాళ్లలో కంటే దాదాపు సగమే. హార్వర్డ్‌లో చదివి వెళ్లిన మగవాళ్లకు ఏళ్ల తరబడి ప్రశ్నపత్రాలు కూడా పంపాడు. రోజూ ఎన్ని మెట్లెక్కుతారు, ఎంత దూరం నడుస్తారు, ఏ ఆట ఆడతారు, సిగరెట్ కాలుస్తారా. ఇలా అన్నీ మామూలు ప్రశ్నలే. ఆయన తన 45వ ఏట పరుగు మొదలుపెట్టి 150కి పైగా మారథాన్లు, అంతకన్నా పొడవైన పరుగులు పూర్తిచేశాడు. ఊరందరికీ చెప్పి తాను మంచమెక్కే రకం కాదన్నమాట.

మనకు పనికొచ్చే లెక్క 1993లో వచ్చింది. ఆ హార్వర్డ్ మగవాళ్లలో 10,269 మంది 1960లలో ఇచ్చిన జవాబులను, 1977లో వాళ్లే ఇచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి, 1985 దాకా ఎవరు పోయారు, ఎవరున్నారు అని చూశారు. ఈ అధ్యయనంలో నాకు నచ్చింది ఇదే. ఎవరు ఎలా ఉన్నారని కాదు, మధ్యలో ఎవరు మారారని అడిగింది. మా ఇంటి తగువు కూడా దాని గురించే కదా.

కాస్త గట్టి ఆటలు కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు, పెట్టనివాళ్లతో పోలిస్తే చనిపోయే ముప్పు 23 శాతం తక్కువ. సిగరెట్ మానేసినవాళ్లకు, కాలుస్తూనే ఉన్నవాళ్లతో పోలిస్తే 41 శాతం తక్కువ.

ఇలా చూస్తే పిన్నే గెలిచినట్టు. పైగా ఆ 23 శాతం ఆటలకు, ఈత, టెన్నిస్, పరుగు లాంటివాటికి వచ్చింది. మా బాబాయి బృందం రాజకీయాలు మాట్లాడుకుంటూ తిరిగే ఆరు రౌండ్లు ఆ జోరుకు అందవు.

అలాగని నడకను తీసిపారేయడానికి లేదు. ఇదే పాఫెన్‌బర్గర్ 1986లో నడక, మెట్లు, ఆటలు అన్నీ కలిపి లెక్కించాడు. వారానికి 2,000 కేలరీలకు పైగా ఖర్చుపెట్టేవాళ్లలో మరణాలు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ. సిగరెట్ సంగతి లెక్కలోకి తీసుకున్నా ఆ మేలు అలాగే నిలబడింది. అంటే పొగతాగే మనిషి నడక బూడిదలో పోసిన పన్నీరేమీ కాదు. నడిచేవాడికి నడిచినంత దక్కుతుంది. బాబాయి పొరపాటల్లా రెండు వేర్వేరు ఖాతాలను ఒకటిగా కలపడం. ఇందులో వేసిన డబ్బు అందులో అప్పు తీర్చదు.

దీనికి సాక్ష్యం కోసం హార్వర్డ్ దాకా పోనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. పొలం పనుల్లో వాళ్లు వంచిన నడుము, మోసిన మోపులు చూస్తే ఏ జిమ్ముకీ తీసిపోవు. అయినా అంగిలి క్యాన్సర్ వాళ్లను వదల్లేదు. ఒళ్లొంచి పనిచేశారని నిప్పు చల్లారదు.

"రెండే కదరా" అన్న మాట మిగిలింది. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే, ఎందుకంటే వినడానికి న్యాయంగానే ఉంటుంది. 20 కాల్చేవాడితో పోలిస్తే ఒకటి కాల్చేవాడికి ఇరవయ్యో వంతు ముప్పే ఉండాలి అనుకుంటాం. 2018లో 141 అధ్యయనాలను కలిపి చూస్తే అలా తేలలేదు. రోజుకి 20 కాలిస్తే గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో దాదాపు సగం ఒక్క సిగరెట్‌తోనే వచ్చేస్తోంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఎన్ని కాల్చారు, ఎన్నేళ్లు కాల్చారు అన్నది బాగా లెక్కకొస్తుంది గానీ, గుండె రక్తనాళాలు కొద్ది పొగకే పాడైపోతాయి. తగ్గించడం వేరు, మానడం వేరు.

హార్వర్డ్ లెక్కలో లోటు లేకపోలేదు. అందరూ మగవాళ్లే, చదువూ డబ్బూ ఉన్నవాళ్లే. మానినవాళ్లు ఇంకేం జాగ్రత్తలు తీసుకున్నారో పూర్తిగా విడదీయలేం. ఇంకో మాట, మానినవాళ్లకు కూడా ఎన్నడూ ముట్టనివాళ్ల కంటే ముప్పు 23 శాతం ఎక్కువగానే ఉంది. ఈ వయసులో మానితే మాత్రం ఏం లాభం అని బాబాయి అడిగితే, బ్రిటిష్ డాక్టర్లను 50 ఏళ్లు గమనించిన రిచర్డ్ డాల్ జవాబిచ్చి ఉన్నాడు: 60లో మానినా సగటున మూడేళ్లు కలిసొస్తాయి, 30లో మానితే పదేళ్లు.

సరే, రెండూ కలిపితే? నడుస్తుంటే సిగరెట్ దానంతటదే పోతుందని కొందరి ఆశ. 1999లో అమెరికాలో బెస్ మార్కస్ బృందం 281 మంది ఆడవాళ్లతో చూసినప్పుడు ఆశ చిగురించింది. మానే శిక్షణతో పాటు గట్టి వ్యాయామం చేసినవాళ్లలో ఏడాది తర్వాత 11.9 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు, మిగతావాళ్లలో 5.4 శాతమే. తర్వాత ఇంగ్లండ్‌లో మైఖేల్ అషర్ బృందం 789 మంది గర్భిణులతో చేస్తే 2015లో వచ్చిన ఫలితం చప్పగా ఉంది. కాన్పు నాటికి వ్యాయామం చేసినవాళ్లలో మానినవారు 8 శాతం, చేయనివాళ్లలో 6. తేడా ఉందనలేం. అందుకే నడక మీదే భారం వేసి కూర్చోమని నేను చెప్పను.

నడక నిజంగా అక్కరకొచ్చే చోటు చిన్నది. సిగరెట్ మీద మనసు లాగుతుందే, ఆ కాసేపు. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచినా ఆ లాగుడు తగ్గుతుందని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనబడింది. పోతే, మానిన ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. ఆ భయంతోనే మళ్లీ వెలిగించేవాళ్లున్నారు. వాళ్లకూ నడక ఆసరానే.

కాబట్టి ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు పిన్నికి. మానడానికి తేదీ పెట్టుకోవాలి, డాక్టర్ని అడిగి నికోటిన్ గమ్ లాంటిది చూడాలి, మనసు లాగినప్పుడల్లా లేచి నడవాలి. పొగ మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. ఆ నెంబరు సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది. బాబాయి ఎప్పుడూ చూడలేదు. ఆయన విడిగా ఒక్కొక్కటే కొంటాడు మరి.

ఇదంతా ఆయనకి చెప్పాను. సగం విన్నాడు. పార్కుకి ఇంకో గేటుంది, టీ బండి లేని వైపు. మూడు వారాలుగా అటునుంచి బయటికొస్తున్నాడు. సాయంత్రం సిగరెట్ మాత్రం ఇంకా ఉంది. సరిగ్గా ఆ వేళకే పిన్నికి రోజూ పాల ప్యాకెట్టు అవసరం పడుతోంది, అదీ వీధి చివర కొట్టు నుంచే.