బెంగళూరులో మానసిక వైద్యానికి వెళ్తున్నారా? మాత్రల స్ట్రిప్ నిండుగా అడిగి తీసుకోండి

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్లు ఇది తప్పక చదవండి. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఒక మానసిక ఆరోగ్య క్లినిక్‌లో మా మరిదికి జరిగింది చెబుతున్నాను. పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి చెబుతాను, ఇంకెక్కడ ఎదురైనా గుర్తుపట్టండి.

రాత్రి షిఫ్టులు, పైగా ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్నారన్న పుకార్లు. అతనికి నిద్ర పట్టేది కాదు, గుండెదడ. డాక్టరు తెలుగాయన అని తెలిసి ఇంటిల్లిపాదికీ ధైర్యం వచ్చింది. ఫీజు ఘనంగానే ఉంది. మాట్లాడింది బయట చెప్పులు విడిచి తొడుక్కున్నంత సేపు. షిఫ్టుల సంగతి అడగలేదు, కాఫీ, మద్యం సంగతీ అడగలేదు. దడకూ నిద్రలేమికీ థైరాయిడ్ కూడా కారణం కావచ్చు కదా, ఆ పరీక్ష రాయలేదు. మందులు రాసి, లోపలి ఫార్మసీలోనే కొనాలన్నారు. చీటీ అక్కడే ఉంచేసుకున్నారు.

ఆ ఫార్మసీ అబ్బాయి స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి, కాగితపు కవరులో వేసి ఇచ్చేవాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క కౌంటర్ అవతలే ఉండిపోయేది. మా చేతికొచ్చిన ముక్క వెనుక సగం తెగిన కంపెనీ పేరు, 'ప్లస్' అన్న మాట, అంతే. నిండు స్ట్రిప్ కావాలని పట్టుబట్టి తీసుకున్నాక తెలిసింది, ఒకే మాత్రలో రెండు మందులున్నాయని: ఎస్సిటలోప్రామ్, క్లోనాజెపామ్.

మొదటిది ఆందోళనకు, కుంగుబాటుకు ఇచ్చే మందు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా ఉపశమనానికి క్లోనాజెపామ్ కొద్దికాలం ఇస్తే ఎవరూ తప్పుపట్టరు. కానీ అది బెంజోడయాజెపైన్ జాతి మందు, ఒంటికి అలవాటవుతుంది. ఈ జాతి మందులు రెండు నుంచి నాలుగు వారాలు మించకూడదని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అలవాటు, ఆధారపడటం గురించి మందు సమాచార పత్రంలో పెట్టెగీసి హెచ్చరిక ముద్రించాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఆదేశించింది. ఒకటి నెలల తరబడి వాడాల్సిన మందు, ఇంకొకటి వారాల్లో ఆపాల్సిన మందు. రెంటినీ కలిపి ఒకే మాత్ర చేస్తే ఏ కత్తెరతో విడదీస్తారు? అయినా మన మందుల షాపుల్లో ఈ జోడీ విరివిగా దొరుకుతుంది. మా మరిదికి వెళ్లినప్పుడల్లా అదే రాశారు.

దానికి తోడు రిస్పెరిడోన్. స్కిజోఫ్రెనియా వంటి జబ్బుల్లో అది నిజంగా అవసరమైన మందు. నిద్ర పట్టని మనిషికి 'ఆలోచనలు తగ్గడానికి' అని రాశారు. కొన్నాళ్లకు టీ గ్లాసు పట్టుకుంటే ఒలికేంతగా చేతులు వణకడం మొదలైంది. రిస్పెరిడోన్‌తో ఇలాంటి వణుకు రావచ్చన్నది వైద్యులకు తెలిసిన విషయమే. ఆ మందు తగ్గించవచ్చు కదా? లేదు, వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్ చేర్చారు. దాంతో నోరు ఎండిపోవడం, మలబద్ధకం. దానికి ఒక సిరప్. "వదినా, నేను దేనికి వెళ్లానో మరిచిపోయాను, ఇప్పుడున్నవన్నీ మాత్రలు తెచ్చిన జబ్బులే" అన్నాడు.

ఇది చదివి ఎవరూ మందులు ఒక్కసారిగా ఆపకండి. క్లోనాజెపామ్ హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు కూడా రావచ్చు. ఎస్సిటలోప్రామ్ మానేస్తే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం జరుగుతాయి, జబ్బు తిరగబెట్టిందని భ్రమపడతారు. ఇప్పుడు వేరే సైకియాట్రిస్టు అతనికి మోతాదు మెల్లగా తగ్గిస్తున్నారు, కౌన్సెలింగ్ కూడా నడుస్తోంది. ఆవిడ మొదట అడిగింది షిఫ్టుల గురించే. మానసిక వైద్యం మీద నాకు కోపం లేదు. మందుల వల్లే నిలదొక్కుకున్నవాళ్లు మా బంధువుల్లో ఉన్నారు.

ఎక్కడికి వెళ్లినా జబ్బు పేరేమిటి, ఏ మాత్ర దేనికి, ఎప్పుడు ఆపుతారు అని అడగండి. ఆ చివరి ప్రశ్నకు మాకు దొరికిన జవాబు "ముందు వాడండి, చూద్దాం". చీటీ మీ దగ్గరే ఉంచుకోండి. ఆందోళనకు, నిద్రకు ఇచ్చే ఆల్ప్రజోలామ్, జోల్పిడెమ్ లాంటివి హెచ్1 షెడ్యూల్ మందులు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి, ఎవరికి అమ్మారో షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి. చీటీ అడగకుండా ఇచ్చే షాపు మీకు ఉపకారం చేస్తోందనుకోకండి. హోసూరు రోడ్డులో కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఉంది, రాయలసీమ నుంచి ఎందరో అక్కడికే వస్తారు. పొద్దున్నే వెళ్లాలి, ఓపిక కావాలి. అంతవరకు ఆగలేకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

మన వైద్య రికార్డు అడిగి తీసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. మేము రాతపూర్వకంగా అడిగాం. కంప్యూటర్ పనిచేయడం లేదు, వచ్చే వారం రండి అన్నారు. అర్జీ నకలు మీద వాళ్ల ముద్ర వేయించుకుని వచ్చాం. రికార్డు చేతికొచ్చాక, అందులో ఏ జబ్బు పేరు రాశారో ఇక్కడే చెబుతాను.