పద్మినికి మారుతి కార్బ్యురేటర్ కిట్ కొంటున్నారా? ముందు లింకేజీ చూడండి

నా 1984 ప్రీమియర్ పద్మినిలో సోలెక్స్ కార్బ్యురేటర్ (ఇంజన్‌కు పెట్రోలు, గాలి కలిపి పంపే భాగం) షాఫ్టు అరిగిపోయి ఐడ్లింగ్, అంటే పెడల్ నొక్కకుండా ఇంజన్ నిలకడగా తిరగడం, కుదరలేదు. ‘ఏ మార్పూ అక్కర్లేదు, బిగించి నడపడమే’ అన్న అమ్మకందారు మాట నమ్మి, మారుతి 800 కార్బ్యురేటర్ కిట్ 8,500 రూపాయలు పెట్టి తెప్పించాను. ఆ మాట పచ్చి అబద్ధం.

పద్మినిలో యాక్సిలరేటర్ పెడల్ కదలిక కడ్డీల మీదుగా కార్బ్యురేటర్‌కు చేరుతుంది. ఈ అమరికనే లింకేజీ అంటారు. మారుతిది కేబుల్ లాగితే తెరుచుకునే రకం. ఈ రెండింటినీ కలపడానికి కిట్‌లో వచ్చింది వంచిన కడ్డీ ముక్క, రెండు బోల్టులు, అంతే. కార్బ్యురేటర్‌ను ఇంజన్ మీద కూర్చోబెట్టే అడాప్టర్ ప్లేటు మాత్రం చక్కగా కుదిరింది. అది చూసే మా మెకానిక్ కూడా మోసపోయాడు.

విజయవాడ బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతూ లారీని దాటడానికి పెడల్ పూర్తిగా నొక్కాను. కాలు తీశాను. వేగం తగ్గలేదు! వెనక సీటులో మా అమ్మ ఉంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బండి అది. క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి, ఇంజన్ ఆపి ఎలాగో పక్కకు తెచ్చాను. బానెట్ ఎత్తితే కారణం కళ్లెదుటే ఉంది. పెడల్ చివరిదాకా వెళ్లినప్పుడు కడ్డీ, థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే పలక) లివరు ఒకే గీతలోకి వచ్చి అవతలికి దాటిపోతున్నాయి. అలా దాటాక స్ప్రింగు ఎంత లాగినా థ్రాటిల్ మూసుకోదు, ఇంకా తెరుచుకునే వైపే బిగుస్తుంది.

కిట్‌తో పాటు కేబుల్, దాని పైతొడుగును ఇంజన్‌కే గట్టిగా పట్టి ఉంచే బ్రాకెట్, రెండు రిటర్న్ స్ప్రింగులు ఇస్తారా అని డబ్బు కట్టే ముందే అడగండి. బ్రాకెట్‌ను బాడీకి బిగిస్తే, రబ్బరు మౌంటింగుల మీద ఇంజన్ ఊగినప్పుడల్లా థ్రాటిల్ దానంతట అదే కదులుతుంది. పెడల్ కింద స్టాపర్ లేకపోతే పాదం బలమంతా థ్రాటిల్ షాఫ్టు మీదే పడుతుంది. మారుతి 796 సీసీ ఇంజన్ జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాలు) పద్మిని 1089 సీసీకి సరిపోవన్నది వేరే సంగతి, అది తర్వాతైనా సరిచేసుకోవచ్చు.

ఇప్పటికే బిగించుకున్నవారు ఈరోజే ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ విప్పి, ఇంకొకరితో పెడల్ పూర్తిగా నొక్కించి వదిలించండి. థ్రాటిల్ పలక టక్కున మూసుకోకపోతే బండి బయటికి తీయకండి.

డబ్బు వెనక్కి అడిగితే ‘మీ మెకానిక్ తప్పు’ అన్నారు. సోలెక్స్‌కు కొత్త షాఫ్టు వేయించి తిరిగి బిగించుకున్నాను. ఆ కిట్ ఇంకా అమ్మకంలోనే ఉంది, అదే వంచిన కడ్డీతో.