వాడిన పోర్షే 997 కొనాలా, ఆస్టన్ మార్టిన్ వి8 వాంటేజ్ కొనాలా: రెండూ ఏళ్లపాటు నడిపాక

ఈ రెండింట్లో ఏది తీసుకోవాలన్నది చాలావరకు టెస్ట్ డ్రైవ్‌కు ముందే తేలిపోవాలి. 997 అంటే పోర్షే 911లో ఒక తరం. ఈ 911లో పెద్ద ఖర్చు తెచ్చే జబ్బు సిలిండర్ గోడల మీద దాక్కుని ఉంటుంది. బండి బయటికి నిగనిగలాడుతూ, తాళం తిప్పగానే స్టార్టవుతూ, పికప్‌లో ఏ లోటూ చూపించకుండానే ఆ జబ్బు సగం ముదిరిపోయి ఉండొచ్చు. వాంటేజ్ అలా దాచుకోదు. దాని రోగాలు సంఖ్యలో ఎక్కువే, కానీ లిఫ్ట్ ఎక్కించి కింది కవర్లు విప్పితే చాలావరకు కంటికి కనిపిస్తాయి. అందుకే 911కి తనిఖీ డబ్బు కెమెరా మీద పెట్టాలి, వాంటేజ్‌కి లిఫ్ట్ మీద పెట్టాలి. ఆ తనిఖీకి ఒప్పుకోని బండి ఎంత చవగ్గా వస్తున్నా వదిలేయాలి.

ముందు ఏ మోడల్ గురించి మాట్లాడుతున్నామో స్పష్టంగా ఉండాలి. 997 రెండు విడతలుగా వచ్చింది. 2004 నాటి మొదటి విడతలో మామూలు మోడలైన కరెరాకు 3.6 లీటర్లు, 325 హార్స్‌పవర్. దానికంటే శక్తిమంతమైన కరెరా ఎస్‌కు 3.8 లీటర్లు, 355. 2008లో ఇంజిన్‌ను పూర్తిగా కొత్తగా చేశారు, శక్తి 345, 385కి పెరిగింది. వాంటేజ్ 2005లో 4.3 లీటర్ల వి8తో, 380 హార్స్‌పవర్‌తో వచ్చింది. 2008లో 4.7 లీటర్లు, 420 అయింది. వేగం లెక్కన వీటి మధ్య తేడా రోడ్డు మీద పెద్దగా పట్టించుకోవాల్సినది కాదు. సొంతదారుకు తేడా తెలిసేది వర్క్‌షాపులోనే.

మొదటి విడత 911 ఇంజిన్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది అక్కడే. సిలిండర్ గోడలు లోకాసిల్, అంటే సిలికాన్ రేణువులు నింపిన అల్యూమినియం. ఆ గోడ మీద జారే పిస్టన్ పక్కభాగానికి పలుచని లోహపు పూత ఉంటుంది. ఆ పూత ఊడిందంటే పిస్టన్ అల్యూమినియం నేరుగా గోడను రాస్తుంది, నిలువు గీతలు పడతాయి. దీన్నే బోర్ స్కోరింగ్ అంటారు. 3.6 కంటే 3.8లో ఇది ఎక్కువ. రెండో బ్యాంకు, అంటే 4, 5, 6 సిలిండర్లు ముందుగా దెబ్బతింటాయి. ఇంజిన్ చల్లగా ఉండగానే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం, మార్చకుండా లాగిన పాత ఆయిల్, సరిగా చిమ్మని ఇంజెక్టర్ నుంచి కారిన పెట్రోల్ గోడ మీది ఆయిల్‌ను కడిగేయడం, ఇవన్నీ దాన్ని తొందర చేస్తాయి.

గుర్తులు మూడు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో ఒక పక్క నుంచి మాత్రమే టిక్ టిక్‌మనే శబ్దం. సైలెన్సర్ గొట్టాల్లో ఒక వైపు మూతి రెండోదాని కంటే దట్టంగా మసిబారడం. రానురాను ఆయిల్ ఎక్కువ తాగడం. అయితే వాల్వులను నెట్టే ట్యాపెట్లు కూడా టిక్‌మంటాయి, మసిని ఎవరైనా గుడ్డతో తుడిచేయొచ్చు. కాబట్టి చెవినీ కంటినీ నమ్ముకుని తీర్పు చెప్పకూడదు. ఆరు స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో పిస్టన్‌ను పూర్తిగా కిందికి తెచ్చి, బోరోస్కోప్ అనే సన్నని కెమెరా లోపలికి పంపి చూడాలి. పై నుంచి చూస్తే సిలిండర్ అడుగు భాగం సరిగా కనపడదు. అందుకని ఆయిల్ వంపేసి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ ప్లేటు విప్పి, అటువైపు నుంచి కూడా చూడమనాలి. ఎలాగూ ఆయిల్ మార్చే పనే కాబట్టి అదనంగా పోయేది కొంత కూలీ, ప్లేటుకు పెట్టే కొత్త సీలెంటు మాత్రమే.

కెమెరాలో బాగున్న గోడ మసక బూడిద రంగులో, అంతటా ఒకేలా ఉంటుంది. గోరుకు కూడా తగలని వెంట్రుకవాసి గీత ఒకటీ అరా ఉంటే భయపడక్కర్లేదు. మెరుస్తున్న వెడల్పాటి పట్టీ, దాంట్లో పైనుంచి కిందికి చాళ్లు కనిపిస్తే ఆ ఇంజిన్ విప్పి స్లీవులు, అంటే సిలిండర్లకు కొత్త లోపలి గొట్టాలు, వేయించాల్సిందే, లేదా ఇంజిన్‌నే మార్చాల్సిందే. ఫొటోల మీద సిలిండర్ నంబరు వేసి ఇవ్వమని ముందే అడగండి. నంబర్లు లేని ఆరు ఫొటోలు ఒకే సిలిండర్‌వి కూడా కావచ్చు.

అందరూ మొదట అడిగే ఐఎంఎస్ బేరింగ్ నా దృష్టిలో దీని తర్వాతి మాట. ఇంజిన్ మధ్యలోని ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసే బేరింగ్ ఇది. తొలినాళ్ల 997లు కొన్నిట్లో చిన్న బేరింగ్ ఉంది, దాన్ని గేర్‌బాక్స్ దించి మార్చొచ్చు. ఆ తర్వాత పెద్దది పెట్టారు. అది చెడిపోయే అవకాశం చాలా తక్కువ, కానీ ఇంజిన్ కేసు రెండుగా విడదీయనిదే బయటికి రాదు. క్లచ్ మార్చే రోజున ఆ బేరింగ్ బయటి సీల్ తీసేయించుకుంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి పారుతుంది, అది చాలు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కాగితాన్ని కోసి విప్పి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటుకునే ఉక్కు పొడి కనిపిస్తే బండి ఇక నడపకూడదు.

కొనేముందు ఇంజిన్ కంప్యూటర్ నుంచి ఓవర్‌రెవ్ రిపోర్టు, అంటే ఇంజిన్‌ను హద్దు దాకా, హద్దు మీరి తిప్పిన చరిత్ర, తీయించాలి. అందులో ఆరు శ్రేణులుంటాయి. కింది శ్రేణులు రెడ్‌లైన్ దాకా లాగితే నమోదవుతాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు దాకా అంకెలుంటే ఎవరో ఐదో గేరు నుంచి నాలుగుకు బదులు రెండులో వేసి ఇంజిన్‌ను బలవంతంగా తిప్పారన్నమాట. అది ఎన్ని ఇంజిన్ గంటల కిందట జరిగిందో కూడా అందులోనే ఉంటుంది. అదే రిపోర్టులో మొత్తం ఇంజిన్ గంటలు చూసి ఓడోమీటర్‌ను భాగించండి. 90,000 కిలోమీటర్లకు 1,800 గంటలైతే సగటు వేగం 50, అంటే దూర ప్రయాణాల బండి. అదే దూరానికి 4,000 గంటలుంటే సగటు 22, ట్రాఫిక్‌లో మగ్గిన బండి. లెక్క బొత్తిగా పొసగకపోతే ఓడోమీటర్‌ను ఎవరో ముట్టుకున్నారని అనుమానించాలి.

911లో మిగతావి ఓర్చుకోదగ్గ ఖర్చులు. వాటర్ పంప్ దగ్గర కూలెంట్ ఎండిన మరకలు, వేడికి పగిలి తడి రోజుల్లో మిస్‌ఫైర్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిళ్లు, ముందు కంట్రోల్ ఆర్మ్‌ల బుష్‌లు. స్టార్ట్ చేయగానే వెనక తెల్లపొగ మేఘంలా వచ్చి ఆగకపోతే ఆయిల్ సెపరేటర్ పోయినట్టు. ముందు బంపర్ రెండు మూలల్లో గాలి లోపలికి పోయే నోళ్లలో టార్చ్ వేసి చూడండి. అక్కడ చేరిన ఆకులు తడిసి, కుళ్లి, రేడియేటర్‌నూ ఏసీ కండెన్సర్‌నూ తినేస్తాయి. బంపర్ విప్పి ఏడాదికోసారి శుభ్రం చేయిస్తే ఆ ఖర్చే రాదు. ఇంత చిన్న పనిని ఇన్ని బండ్లలో ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

రెండో విడత 997లో ఐఎంఎస్ షాఫ్ట్ అసలే లేదు, సిలిండర్ల లోహమూ మారింది. పై భయాలు చాలావరకు తీరిపోతాయి. దాంట్లో చూడాల్సింది హై ప్రెషర్ ఫ్యూయల్ పంప్. అది బలహీనపడితే స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిరుగుతుంది. పీడీకే అనే పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే స్కానర్‌లో సెన్సర్ ఎర్రర్లు చూడాలి, ఎందుకంటే ఆ సెన్సర్లు గేర్‌బాక్స్ లోపల ఉంటాయి.

ఇక వాంటేజ్. ఇంజిన్ జాగ్వార్ వి8 వంశానిదే, జర్మనీలోని కొలోన్‌లో కట్టారు, ఆయిల్‌ను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ పెట్టారు. లోపలి భాగాలు గట్టివి. సిలిండర్ల గురించి 911లో పడే దిగులు ఇక్కడ లేదు. బాధపెట్టేది ఇంజిన్ ముందున్న టైమింగ్ కవర్ నుంచి కారే ఆయిల్. కింద నేల మీద చుక్క పడకపోయినా కారుతూ ఉండొచ్చు, ఎందుకంటే అడుగు కవర్ ఆ ఆయిల్‌ను పట్టేసుకుంటుంది. ఆ కవర్ విప్పి దాని లోపలి వైపు వేలితో తుడిచి చూడండి. పలుచని చెమ్మ ఉంటే కొన్నేళ్లు భరించొచ్చు, ఆయిల్ మడుగులా నిలిచి ఉంటే బేరంలో ఆ పని ఖర్చంతా తీసేయాలి. గాస్కెట్ చవకే. దాన్ని చేరుకోవడానికి ఇంజిన్ దించడమో, సబ్‌ఫ్రేమ్ దించడమో చేయాలి, బిల్లంతా కూలీదే.

క్లచ్ కూడా అంతే. గేర్‌బాక్స్ వెనక చక్రాల మధ్య ఉంది, క్లచ్ ఇంజిన్ పక్కన ఉంది, రెంటి మధ్య కార్బన్ ఫైబర్ షాఫ్ట్ అల్యూమినియం టార్క్ ట్యూబ్ లోపల తిరుగుతుంది. క్లచ్ ప్లేటు మార్చాలంటే వెనక గేర్‌బాక్స్, మధ్యలో ట్యూబ్ రెండూ దిగాలి. కాబట్టి దించినప్పుడే ఫ్లైవీల్, రిలీజ్ బేరింగ్, స్లేవ్ సిలిండర్ అన్నీ మార్చేయాలి, మళ్లీ విప్పే పని పెట్టుకోకూడదు. పరీక్ష సులువు: ఐదో గేరులో, తక్కువ ఆర్‌పీఎం దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముందుకు పరుగెత్తితే క్లచ్ జారుతోంది. గేర్లను యంత్రమే మార్చే స్పోర్ట్‌షిఫ్ట్ బండ్లలో క్లచ్ పెడల్ ఉండదు, అయినా లోపలున్నది మామూలు క్లచ్చే. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే, ఎత్తు మీద బ్రేక్ వదిలేసి యాక్సిలరేటర్‌తో ఆపి ఉంచితే అది తొందరగా కాలిపోతుంది. ఎంత మిగిలిందో డయాగ్నస్టిక్ యంత్రం చెబుతుంది, ఆ కాగితం లేకుండా స్పోర్ట్‌షిఫ్ట్ కొనొద్దు. నా ఎంపిక మాత్రం మాన్యువలే. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొరాయించడం ఈ గేర్‌బాక్స్‌కు సహజం. వేడెక్కాక కూడా గరగరమంటే గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో అరిగినట్టు.

వాంటేజ్ ఆయిల్ చూడటంలోనే చాలామంది పొరబడతారు. డ్రై సంప్ కాబట్టి చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తప్పు చెబుతుంది. బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. చల్లగా చూసి తక్కువుందని పోస్తే ఎక్కువైన ఆయిల్ బ్రీదర్ గొట్టాల గుండా ఇన్‌టేక్‌లోకి పోయి పొగ వస్తుంది. 997కి డిప్‌స్టిక్కే లేదు, మీటర్లో చూసుకోవాలి. అక్కడా సమతలం మీద నిలపాలి, ఇంజిన్ వేడిగా ఉండాలి, నిండు గీత దాటి పోయకూడదు.

బాడీ విషయానికొస్తే వాంటేజ్ తలుపు హ్యాండిళ్ల చుట్టూ, అద్దం మొదట్లో, తలుపు అంచుల్లో పెయింట్ కింద బుడగలు వెతకండి. అల్యూమినియం మరో లోహాన్ని తాకే చోట తేమ చేరితే అది తెల్లగా పొడిబారి పెయింట్‌ను లేపుతుంది. పైపైన పెయింట్ వేస్తే మళ్లీ లేస్తుంది. హ్యాండిల్ విప్పి, లోహం దాకా గీకి, ప్రైమర్ పట్టించి వేయాలి.

రోజూ వాడేవాళ్లకు 911 దగ్గరవుతుంది. వెడల్పు తక్కువ, చుట్టూ బాగా కనపడుతుంది, వెనక సీట్లలో పిల్లలో సామానో సర్దుకోవచ్చు. 997 స్టీరింగ్ హైడ్రాలిక్, తర్వాతి తరంలో ఎలక్ట్రిక్ వచ్చింది. ముందు చక్రాల కింద రోడ్డు ఎలా ఉందో చేతులకు తెలియడంలో దీనికి సాటి కారు నేను నడపలేదు. వాంటేజ్ బరువైనది, ముక్కు పొడుగు, ముందు స్తంభాలు లావు. కానీ 4,000 ఆర్‌పీఎం దాటి ఎగ్జాస్ట్ వాల్వులు తెరుచుకున్నాక వచ్చే ఆ గొంతు, ఎన్నేళ్లైనా ఆ కారు తలుపు తీసిన ప్రతిసారీ కలిగే సంతోషం 911లో దొరకవు. ఇది లెక్కలకందని విషయమే అయినా సొంతదారు రోజూ అనుభవించేది అదే.

రెండిటికీ ఛార్జి పడిపోకుండా చూసే బ్యాటరీ మెయింటెయినర్ తప్పనిసరి. 997లో బ్యాటరీ పూర్తిగా పడిపోతే ముందు డిక్కీ తెరుచుకోదు, ఎందుకంటే దాని గొళ్లెం కరెంటుతో పనిచేస్తుంది, బ్యాటరీ ఆ డిక్కీలోనే ఉంది. ఫ్యూజ్ బాక్సులో బయటికి లాగే ఎర్ర టెర్మినల్ ఉంటుంది. దానికి మరో బ్యాటరీ ప్లస్, తలుపు గొళ్లెపు లోహానికి మైనస్ తగిలించి తెరవాలి.

రోజూ నడుపుతానంటే రెండో విడత 997 మాన్యువల్ వెతకండి. డబ్బు మొదటి విడతకే సరిపోతే 3.8 మోజు వదిలి 3.6 తీసుకోండి, రోడ్డు మీద తేడా కొంచెమే, నిద్ర మాత్రం బాగా పడుతుంది. వారాంతాలకే అయితే 4.7 వాంటేజ్ మాన్యువల్, క్లచ్ ఈమధ్యే మార్చిన బిల్లుతో. ఏది తీసుకున్నా మొదటి వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ అన్నీ మార్చేయండి. టైర్ పక్క గోడ మీది నాలుగంకెల్లో చివరి రెండూ తయారైన సంవత్సరం. ట్రెడ్ ఎంత మిగిలినా ఆరేళ్లు దాటిన వాటిని తీసేసి, ఆ తర్వాతే రెడ్‌లైన్ దాకా లాగండి.