జాగ్రత్త: చవగ్గా దొరికే వార్మ్ టోన్ ఐషాడో ప్యాలెట్‌లో ఎర్ర షేడ్లు రెప్ప మీద పెట్టకముందే చదవండి

ఇటుక రంగు, రాగి, కావి, ముదురు కుంకుమ ఎరుపు. చామనఛాయ రెప్పల మీద ఈ రంగులు ఎంత నిండుగా కనిపిస్తాయో, మోసం కూడా వీటిలోనే అంత ఎక్కువ. పేరున్న ప్యాలెట్ ఫొటో పెట్టి, వేలల్లో ఉండాల్సిన సరుకును వందల్లో ఇస్తామనే లిస్టింగులు పెళ్లిళ్ల సీజన్ రాగానే పెరిగిపోతాయి. కొన్నాక జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. మొదటిరోజు రంగు పట్టదు. రెండోరోజు రెప్ప దురద. మూడోరోజుకు పొలుసులు లేస్తాయి, కడిగినా పోని ఎర్ర మరక మిగులుతుంది. వాపస్ అడిగితే, తెరిచిన మేకప్ వెనక్కి తీసుకోం అంటారు.

నకిలీలకు ఈ రంగులే ఎందుకు దొరికాయంటే, గిరాకీ అక్కడ ఉంది. 2016లో మేకప్ బ్రాండ్ అనస్తేసియా బెవర్లీ హిల్స్ వాళ్ల 14 షేడ్ల మోడర్న్ రినైసాన్స్, 2017లో మరో బ్రాండ్ అర్బన్ డికే వాళ్ల 12 షేడ్ల నేకెడ్ హీట్ వచ్చాక, ఎరుపు, నారింజ కలిసిన ప్యాలెట్లకు నకళ్లు వరదలా వచ్చాయి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2018 నివేదిక కోసం ఆన్‌లైన్‌లో థర్డ్ పార్టీ సెల్లర్ల (సైట్ సొంతంగా కాక, అందులో సరుకు పెట్టి అమ్మే బయటి వ్యాపారుల) దగ్గర 47 వస్తువులు కొని పరీక్షిస్తే 20 నకిలీవని తేలాయి. వాటిలో అర్బన్ డికే పేరుతో కొన్న మేకప్ 13. పదమూడూ నకిలీలే! నకిలీ పంపిన సెల్లర్లందరికీ రేటింగ్ 90 శాతం పైనే ఉంది. కాబట్టి నాలుగున్నర స్టార్లు చూసి ధైర్యపడకండి.

అసలు విషయం ఎరుపు దగ్గర ఉంది. గోధుమ, తుప్పు, మట్టి రంగులన్నీ ఐరన్ ఆక్సైడ్లతో వస్తాయి. లేబుల్ మీద సీఐ (కలర్ ఇండెక్స్, అంటే ఒక్కో రంగుకు ఇచ్చే నంబర్) 77491, 77492, 77499 అని కనిపించేవి అవే. ఇవి చవక, రెప్పకు పెద్దగా పేచీ పెట్టవు. కానీ మందారం లాంటి ఎరుపు, రాణీ రంగు వీటితో రావు. వాటికి రెండు దారులు. ఒకటి కార్మైన్, సీఐ 75470. కోచినియల్ పురుగుల నుంచి తీసే రంగు ఇది, ఖరీదైనది, కంటి దగ్గర వాడటానికి అమెరికాలో అనుమతి ఉంది (శాకాహారం పట్టింపు ఉన్నవాళ్లు ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి). రెండోది సింథటిక్ ఎరుపులు. సీఐ 15850, సీఐ 45410 లాంటివి. పెదవులకు, బుగ్గలకు సరే, కంటి చుట్టూ వాడటానికి మాత్రం అమెరికాలో మందులు, సౌందర్య సాధనాలను నియంత్రించే ఎఫ్‌డీఏ వీటిని ఒప్పుకోదు. యూరప్ నిబంధనలు వేరు. అందుకే అమెరికాలో అసలు కంపెనీలు కూడా కొన్ని ఎర్ర షేడ్లను ఐషాడో అనకుండా 'ప్రెస్డ్ పిగ్మెంట్' (అదిమి బిళ్ల కట్టిన రంగు పొడి) అని అమ్ముతాయి, కంటి దగ్గర వాడటానికి కాదని పెట్టె వెనక చిన్న అక్షరాల్లో వేస్తాయి. ఒరిజినల్ కొన్నా ఆ వాక్యం వెతికి చదవండి. గోరింటాకు పండినట్టు రెప్ప మీద ఎరుపు నిలిచిపోయేది ఎక్కువగా ఈ షేడ్ల వల్లే.

నకిలీలో ఈ లెక్కేదీ పనికిరాదు. పెట్టె మీద పదార్థాల జాబితాను అసలుదాని నుంచి అక్షరం పొల్లుపోకుండా కాపీ కొడతారు, లోపల ఏం కలిపారో జాబితా చెప్పదు. సౌందర్య సాధనాల్లో వాడే ఆర్గానిక్ (కార్బన్ ఆధారిత) రంగుల్లో సీసం 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20), ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదని మన నిబంధన. లైసెన్సే లేని చోట ఆ పరీక్ష చేసేదెవరు? 2018లో లాస్ ఏంజెలెస్ పోలీసులు అక్కడి బజార్లో పట్టుకున్న నకిలీ మేకప్‌లో బ్యాక్టీరియా, జంతువుల మలం ఉన్నట్టు ప్రకటించారు.

పార్శిల్ వచ్చినప్పుడు కత్తెర పెట్టకముందే ఫోన్‌లో వీడియో మొదలుపెట్టండి. అడ్రస్ స్టిక్కర్, సీలు, పెట్టె ఆరు వైపులా, ప్యాలెట్ తెరవడం, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. విదేశీ బ్రాండ్ అయితే పెట్టె మీదో, అతికించిన స్టిక్కర్ మీదో దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబర్, ఎంఆర్‌పీ, నికర బరువు ఉండాలి. మన దేశంలో తయారైతే తయారీ లైసెన్స్ నంబర్ ఉండాలి. ఇవేవీ లేకపోతే సీలు విప్పకుండానే వాపస్ పెట్టండి. బ్యాచ్ నంబర్ పెట్టె మీదా, ప్యాలెట్ వెనకా ఒకటే ఉండాలి. అయితే నంబర్ కలిసినంత మాత్రాన అసలుదని కాదు. నకిలీవాళ్లు ఒకే నంబర్‌ను వేల పెట్టెల మీద వేస్తారు.

ఇక ఎర్ర పాన్ (ప్యాలెట్‌లో ఆ రంగు నింపిన గిన్నె) ఒక్కటి దగ్గరగా చూడండి. మంచి మ్యాట్ (మెరుపు లేని) షేడ్ మీద బ్రష్‌ను మెల్లగా ఒకసారి అద్దితే కుంచె కొనలకు రంగు పట్టాలి, పక్కన కాస్త పొడి రాలినా పర్వాలేదు. నకిలీది రెండు రకాలుగా దొరికిపోతుంది. ఒకటి, పైన సబ్బు బిళ్లలా నున్నగా ఉండి, ఎంత రుద్దినా బ్రష్‌కు ఏమీ అంటదు. రెండోది, సుద్దముక్కలా పెళుసుగా విరిగి, రెప్ప మీద వేస్తే అడుగున తెల్లటి పొర తేలుతుంది. ఖరీదైన రంగు తగ్గించి టాల్కమ్ లాంటి పొడి ఎక్కువ కలపడం వల్ల వచ్చే తెలుపు అది. మన చర్మం మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. పెయింట్ వాసనో, కిరోసిన్ వాసనో వస్తే మూత పెట్టేయండి. షిమ్మర్‌ను (మెరిసే షేడ్‌ను) వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడకూడదు. క్రాఫ్ట్ పనులకు వాడే మెరుపు రేకు కంట్లో పడితే నల్లగుడ్డు మీద గీత పడుతుంది.

ఇంకో మాట. ఒరిజినల్‌లో కూడా కొన్ని షేడ్లు మెత్తగా ఉండి ఎక్కువ పొడి రాలుస్తాయి. వాడగా వాడగా వేలి జిడ్డుకు పాన్ మీద గట్టి పొర కడుతుంది. దాన్ని సెల్లోటేప్ అద్ది లాగేస్తే కింద మళ్లీ మామూలు రంగు వస్తుంది. ఈ రెండింటిని చూసి నకిలీ అనుకోకండి. కొత్తగా తెరిచిన రోజే రంగు పట్టకపోతేనే అనుమానించాలి.

పరీక్ష నేరుగా కంటి మీద వద్దు. మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత మేర, ఉన్నవాటిలో అన్నిటికంటే ఎర్రటి షేడ్‌ను రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాయండి. అలర్జీ చాలాసార్లు వెంటనే బయటపడదు, రెండు మూడు రోజులు తీసుకుంటుంది. ఒక్కపూట రాసి బాగుందనుకుంటే లాభం లేదు. మోచేతికి పడినంత మాత్రాన రెప్పకు పడుతుందన్న హామీ కూడా లేదు, ఒంట్లో అతి పల్చని చర్మం అదే. అందుకే రెప్ప మీద మొదటిసారి ఒక్క షేడే, రెండు గంటలు చాలు. వేలితో మూడుసార్లు రుద్దిన స్వాచ్ (చేతి మీద రాసి చూపే రంగు) ఫొటోలను నమ్మొద్దు. వేలి జిడ్డుకు ఏ పొడైనా నిండుగా కనిపిస్తుంది. ముంజేతి మీద సగానికి పల్చగా ప్రైమర్ (మేకప్ నిలవడానికి ముందు రాసే క్రీము) రాసి, సగం వదిలేసి, బ్రష్‌తో ఒక్కసారి వేసి, నాలుగు గంటల తర్వాత చూడండి. మన ఎండలో, చెమటలో అది ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

షేడ్ మంచిదే అయినా, ఎరుపును ఒక్కదాన్నే రెప్ప అంచు దాకా దింపితే కళ్లకలక వచ్చినట్టు ఉంటుంది. ముందు మడతలో లేత గోధుమరంగు మ్యాట్ వేసి, ఎరుపును మధ్యలోనే ఆపి, వెంట్రుకల అంచున ముదురు గోధుమ గీత పెట్టండి.

దురద మొదలైతే అప్పటికప్పుడు తీసేయండి. దూదిని ఆయిల్ రిమూవర్‌లో తడిపి అర నిమిషం రెప్ప మీద ఆనించి ఉంచి తుడవాలి, రుద్దకూడదు. ఇంట్లో ఉంది కదా అని స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మాత్రం పూయకండి. డాక్టర్ చెప్పకుండా రెప్పకు వాడితే చర్మం పల్చబడుతుంది, కంటి లోపలి ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా అదేరోజు కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

ఫిర్యాదు ముందు అమ్మిన ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాతపూర్వకంగా పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వీడియో, బిల్లు, పెట్టె, స్టిక్కర్ అన్నీ అప్పటిదాకా దాచండి. డబ్బు వచ్చాక ప్యాలెట్‌ను పిల్లల ఆటకో, పనిమనిషి కూతురికో ఇవ్వొద్దు. పాన్లన్నీ చెంచా కొనతో గీకి, పొడిని కవర్లో కట్టి, పెట్టెను విరిచి పారేయండి. ఖాళీ పెట్టెల్లో మళ్లీ సరుకు నింపి అమ్మేవాళ్లూ ఉన్నారు.